అక్షరక్రమంలో నీళ్లు

జనవరి 9, శుక్రవారం. పొద్దంతా చలిగాలి. బర్రెల కొట్టం కడిగాను.

ఈరోజు కంప్యూటర్ భాష జావా నేర్పే వీడియోలో పేర్లను అక్షరక్రమంలో పెట్టడం నేర్పారు. ఒక్క మాట రాస్తే పేర్లన్నీ వాటంతటవే సర్దుకుంటాయట. కాలువ నీళ్ల వంతుల కోసం నేను తయారుచేసిన చిన్న విండోలో, మా ఐదు పొలాల రైతుల పేర్ల కింద ఆ బటన్ పెట్టాను. నొక్కితే నిజంగానే కదిలాయి. పేర్లు చెరిపి, మళ్లీ ఎక్కించి, ఇంకోసారి నొక్కి చూశాను.

అప్పుడే కాలువ చివరి పొలం ఎల్లమ్మ వచ్చింది. తెర మీద మొదటి పేరు తనదే.

“నర్సన్నా, రేపు నీళ్లు ముందుగాల నాకేనా? పల్లి చేను ఎండుతున్నదే! బతికిచ్చినవ్ పో!”

నేను నోరు తెరిచేలోపే వెళ్లిపోయింది. నా పక్క పొలం బాలయ్య మంచం మీద కూర్చొని ఒకటే నవ్వు.

“నీళ్లు పేరు జూసి పారుతయారా నర్సిమ్మా? కాల్వ జూసి పారుతయి. పోయి చెప్పు.”

వంతు ఎప్పుడూ కాలువ మొదట ఉన్న నా పొలం నుంచే మొదలవుతుంది. చివరికి చేరేసరికి నీళ్లు సన్నబడతాయి. అలా ఎందుకని ఇన్నేళ్లలో నేను అడగలేదు.

వరసను తిరగేసే మాట కూడా వీడియోలో ఉంది. పొలాలను కాలువ క్రమంలో పెట్టి అది రాశాను. ఎల్లమ్మ మళ్లీ మొదటికి వచ్చింది, నేను చివరికి వెళ్లాను. మిగతా నలుగురం తూములు మూస్తే ఆమె చేనుకు నీళ్లు నిండుగా చేరవా? బాలయ్య ఒప్పుకుంటాడో లేదో.

ఎల్లమ్మకు చెప్పడానికి వెళ్లలేదు. తెల్లారితే ముందు నా తూము మూస్తాను. బర్రెలకు దాణా ఇంకా పెట్టలేదు...