పొగకు పారిపోయిన దోమలు

అవ్వకు జమున దండాలు. మీ అల్లునికి మలేరియా మళ్లొచ్చింది. గోలీలతోని తగ్గుతున్నది, ఫికర్ చెయ్యకు.

మా ఇంటి దోమలల్ల మలేరియా ఉన్నదేమో చూస్తమని పరీక్షోళ్లు ఇయ్యాల వచ్చిండ్రు. ఇంటికి సార్లు వస్తున్నరని అత్తమ్మ ముందుగాల్నే వేపాకు పొగ పెట్టింది. ఒక్క దోమ దొరకలే. "మేమొచ్చిందే వాటి కోసం, వాటినే తరిమిండ్రా చెల్లె?" అని నవ్విండ్రు. సిగ్గయింది. అయినా, "రేపు రండ్రి సార్, పొగ పెట్టనియ్య" అన్న.

దోమ తల, ఛాతి నూరి మందునీళ్లల్ల కలుపుతరట. రంగు మారితే మలేరియా ఉన్నట్టట. అప్పుడు మా వాడకట్టంత దోమల మందు కొడతరు. అది తేలేదాక నేను ఊరికి రాను, నన్ను తోలుకపోను తమ్ముణ్ని పంపకు. పాత దోమతెర పంపు. బర్రె ఈనిందా?

అత్తమ్మ కాళ్లు గోక్కుంట నన్ను తిడుతున్నది. అగ్గిపెట్టె మాత్రం నా కొంగులనే ఉన్నది. నాయినకు దండాలు.