పదకొండు వందల నలభై బోలు చెట్లు

కొండ మీది గుడారం,
మంగళవారం

ప్రియమైన మావయ్యకి,

మీ మేనకోడలు నమస్కరించి రాయునది. నేను క్షేమం. నా బూట్లు క్షేమం కావు, జలగలు వాటిని అద్దె లేని ఇల్లుగా భావిస్తున్నాయి.

నా పని మీకు తెలిసిందే. ఎవరూ ఎన్నడూ గొడ్డలి పెట్టని ఈ లోయలో ఏముందో చూసి, నెలాఖరులోగా అడవుల శాఖకు నివేదిక ఇవ్వాలి. లోయ ఉంటుందా పోతుందా అన్నది దాని మీదే తేలుతుంది. ఇక్కడి చెట్లన్నీ బోలువి కనుక నరికేసి, నిటారుగా, త్వరగా పెరిగే మొక్కలు నాటాలని శాఖవారి సంకల్పం.

బోలువని ఎవరన్నారో చెబితే నవ్వుతారు. ముప్పై నాలుగేళ్ళ కిందటి కొలతల రిజిస్టరు ఒకటి దొరికింది. పేరు లేదు, 'ఏడో నంబరు కొలతదారు' అని మాత్రం ఉంది. ఆ మహానుభావుడు పదకొండు వందల నలభై చెట్లను సుత్తితో కొట్టి, మోత విని, ప్రతిదాని ఎదుటా 'బోలు' అని రాశాడు. లోపల గట్టి చెక్క ఉంటే నింపాల్సిన పక్క గడి, 'చేవ', మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఖాళీ. నిన్న నేనూ ఒక చెట్టును కొట్టి చూశాను. మోచేతి దాకా జివ్వుమంది. ఇక్కడి కాపలాదారు నవ్వాపుకోలేక, "ఇది బోలైతే నా తలా బోలే తల్లీ!" అన్నాడు.

మీరూ అదే శాఖలో, కలప డిపోలో ఉద్యోగం వెలగబెట్టారు గదా. ఈ ఏడో నంబరు ఎవరో తెలుసా? నా అంచనా ప్రకారం అతను చెవిటివాడైనా అయి ఉండాలి, చెట్టు దాకా నడవని సోమరిపోతైనా అయి ఉండాలి.

అత్తయ్యకు నమస్కారాలు.

మీ
పిడుగు


ఇంటి నుంచి,
శనివారం

చిరంజీవి కోడలు పిల్లకు,

విషయము: ఏడో నంబరు కొలతదారుపై నీ వ్యాఖ్యలు.
సూచిక: నీ మంగళవారపు ఉత్తరం.

పై సూచికలోని ఉత్తరం అందినది. చదవడమైనది. మీ అత్తయ్య పడీ పడీ నవ్వడమైనది. నేను ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి కనుక, నవ్వే అధికారం నాకు లేదు.

సదరు కొలతదారు గురించి నా దగ్గర సమాచారం లేదని చెప్పడానికి వీలు లేదు. ఉందని చెప్పడానికి సమయం కాదు. అయితే ఒక మనిషి పదకొండు వందల నలభై సార్లు ఒకే మాట రాశాడంటే, దానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించు. సోమరిపోతులు 'పైన చెప్పినట్టే' అని రాసి ఊరుకుంటారు.

నా వినతి ఒక్కటే. నివేదికలో చెట్ల లోపలి సంగతి ఎత్తకు. ఆకుల గురించి రాయి, పిట్టల గురించి రాయి. శాఖలో పిట్టలకు ఎవరూ అభ్యంతరం చెప్పరు. నా మాట మీద నమ్మకం ఉంచు. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో నా కొలత తప్పని ఒక్కడూ వేలెత్తి చూపలేదు.

వాగు దాటేటప్పుడు ఎడమవైపు నల్లరాయి మీద కాలు పెట్టకు. అది ఊగుతుంది.

ఇట్లు,
నీ విధేయుడు కాని మావయ్య


కొండ మీది గుడారం,
ఆ పై శుక్రవారం

ప్రియమైన మావయ్యా,

కోపంగా ఉన్నాను, కాబట్టి పొట్టిగా రాస్తాను.

పెన్సిలంత సన్నని బరమాతో నలభై చెట్ల లోపలి చెక్కను తీసి చూశాను. నాలుగింటికి నిజంగానే తొర్రలున్నాయి, వాటిలో గుడ్లగూబలూ గబ్బిలాలూ కాపురం ఉంటున్నాయి. మిగతా ముప్పై ఆరూ చేవ. ఒకదానిలో ఏడాదికొకటి చొప్పున పడే వలయాలు లెక్కపెడుతుంటే ఐదువందల పన్నెండు దగ్గర కళ్ళు తిరిగాయి. ఇంకా మధ్యకు చేరనే లేదు. ఇలాంటి అడవిని ఒక బద్ధకస్తుడి రాత వల్ల పనికిరానిదని కొట్టేస్తారా? పిట్టల గురించి రాసుకోమంటారా? మీరేనా ఈ మాట అనేది!

అందుకని మొన్ననే శాఖకు ఫిర్యాదు పంపాను. ఏడో నంబరు ఎవరో తేల్చి, సంజాయిషీ అడగమన్నాను. 'సోమరి, బాధ్యతారహితుడు, చెవులున్నా వినని వ్యక్తి' అని రాశాను. నివేదికలో 'నూటికి తొంభై చెట్లు చేవ' అని మొదటి వాక్యంగా పెడతాను. వచ్చే బుధవారం శాఖవారి మండలి ముందు చదవాలి.

నల్లరాయి నిజంగానే ఊగుతోంది. అది మీకెలా తెలుసో అడిగే తీరిక ఇప్పుడు లేదు.

మీ
పిడుగు


ఇంటి నుంచి,
ఆదివారం, చేతికిచ్చి పంపుతున్నది

ప్రియమైన కోడలా,

నీ ఫిర్యాదు నకలు, సంజాయిషీ నోటీసుతో సహా, నిన్న నాకు అందినది. భాష బాగుంది. మీ అత్తయ్య రెండుసార్లు చదివి, "సోమరి అన్నది అన్యాయమండీ. చెవులున్నా వినరన్నది మాత్రం పెళ్ళైన మర్నాటి నుంచీ నేనంటున్నదే" అని తీర్పు చెప్పింది.

అవును, ఏడో నంబరు నేనే. డిపోకు బదిలీ అయింది ఆ తర్వాత.

నీ లోయకు రావడానికి మూడేళ్ళ ముందు పక్క లోయ కొలిచాను. ప్రతి చెట్టునూ కొట్టి, విని, నిజం రాశాను. చేవ, చేవ, చేవ. శాఖ నాకు ప్రశంసాపత్రం ఇచ్చింది. రెండేళ్ళకు పనిమీద అటు వెళితే, నేను కూర్చుని అన్నం తిన్న చోటు దొరకలేదు. నీడ లేదు, వాగు లేదు. వరసగా మొద్దులు, ప్రతి మొద్దు మీదా నా సుత్తి ముద్ర. నా జీవితంలో అంత కచ్చితమైన నివేదిక మరొకటి లేదు.

నీ లోయకు వచ్చినప్పుడు మొదటి చెట్టును కొట్టాను. చెయ్యి జివ్వుమంది. ఆ పక్కనే ఒక మహావృక్షం ఎప్పుడో కూలి, నాచు పట్టి పడి ఉంది. దాని ఒంటి మీద నలభై మూడు మొక్కలు బారు తీరి మొలిచాయి. చచ్చిన చెట్టు పిల్లల్ని సాకుతుంటే రాయడానికి మా ఫారంలో గడి లేదు. ఉన్నవి రెండే గడులు. ఒకటి రాస్తే నరుకుతారు, ఒకటి రాస్తే వదిలేస్తారు. వదిలేసేది రాశాను. నా కొలత తప్పలేదమ్మా. ఒక్క గడి తప్పింది, పదకొండు వందల నలభై సార్లు.

ఆ రోజుల్లో బోలంటే వదిలేసేవారు. ఇప్పుడు బోలన్నా నరుకుతారు, నువ్వు చేవ అంటే ఇంకా సంబరంగా నరుకుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే పిట్టలు అన్నాను.

ఇక దారి ఒకటే కనబడుతోంది. దీనితో పంపుతున్న పుస్తకం నా సొంతం. అందులో ప్రతి చెట్టు చుట్టుకొలత, ఉన్న చోటు, రాసిన తేదీ ఉన్నాయి. అవి నిజాలు. మనసొప్పక ఇంట్లో దాచాను. నీ టేపుతో పోల్చి చూడు. గొడ్డలి పడని అడవి ముప్పై నాలుగేళ్ళలో ఎలా బతికిందో చెప్పే లెక్క మరెక్కడైనా ఉంటే నాకు తెలియదు. సగం కొలిచిన లెక్కను చెరపడానికి ఏ శాఖ అయినా కాస్త జంకుతుంది.

పుస్తకం బయటపెడితే నా రాత దొంగరాత అని ఫైలుకెక్కుతుంది. ఎక్కనీ. పుస్తకం దాచి నన్ను కాపాడాలని చూశావో, నీ మీద నేనే ఫిర్యాదు చేస్తాను. నాకూ భాష వచ్చు.

ఇట్లు,
ఏడో నంబరు


కొండ మీది గుడారం,
గురువారం

నా ప్రియమైన మావయ్యా,

క్షమించండి అని రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. మూడోసారి ఇది. క్షమించండి.

నిన్న మండలిలో పుస్తకం పెట్టాను. అప్పటికి అరవై చెట్లు పోల్చి చూశాను. ముసలి చెట్లు పెరగవని మా పాఠ్యపుస్తకంలో ఉంది. వీటికి ఆ పుస్తకం అందినట్టు లేదు, ఒక్కొక్కటీ నాలుగేసి వేళ్ళు లావెక్కాయి. ఐదు కూలాయి, వాటి మీద అడవే మొలిచింది. అధ్యక్షులవారు చాలాసేపు పేజీలు తిప్పారు.

"ఈ ఏడో నంబరుకూ మీకూ సంబంధం?"

"మేనమామ అండీ."

"ముందే చెప్పలేదేం?"

"నాకూ ముందే చెప్పలేదండీ."

మీ ఫైలులో 'ఉద్దేశపూర్వకంగా తప్పు నమోదు' అని రాశారు. నా ఎదుటే రాశారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మీకు గుచ్చుకోలేదని అబద్ధం రాయకండి.

తర్వాత ఒక చిక్కు తేలింది. మీరు ప్రతి చెట్టునూ 'నా ఛాతీ ఎత్తున' కొలిచానని రాశారు. చెట్ల మీద గుర్తు పెట్టలేదు. మీ ఛాతీ ఎక్కడిదాకా వస్తుందో తెలియకుండా లెక్క చెల్లదని మండలి అభిప్రాయం. కాబట్టి ఉత్తర్వు ఇచ్చారు: ఏడో నంబరు స్వయంగా వచ్చి, ఒక్కొక్క చెట్టు దగ్గరా నిలబడి, తాను టేపు పట్టిన చోటు చూపాలి. మొత్తం పదకొండు వందల నలభై చూపడం పూర్తయ్యేవరకు లోయలో గొడ్డలి దించరాదు.

ఉత్తర్వును నాలుగుసార్లు చదివాను. పూర్తి చేయడానికి గడువు రాయడం మరిచిపోయారు.

మీ మోకాళ్ళ దృష్ట్యా రోజుకు ఒక చెట్టు కంటే ఎక్కువ చూపడం భావ్యం కాదని నా అభిప్రాయం. ఆదివారాలు సెలవు. వానాకాలం దారి ఉండదు, అది ఎలాగూ లెక్కలోకి రాదు. అత్తయ్యనూ తీసుకురండి, మీకు వినపడనివి ఆవిడ వింటారు.

ఏ తొందరా లేదు మావయ్యా. మెల్లగా నడిచి రండి.

మీ మేనకోడలు