నూకైతే తింటారట

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం.

అప్పకి, బావకి ఎర్రయ్య దండాలు పెట్టి రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. మీరంతా బాగున్నారనే అనుకుంటున్నాను, అయినా ఆ మాట మీరు రాస్తేనే నాకు నిమ్మళం. అమ్మకి దగ్గు తగ్గిందా? పాపకి పళ్ళు వచ్చాయా? పడవకి తారు పూశారా? బావా, ఇది అప్పకి గట్టిగా చదివి వినిపించు. కిందటి ఉత్తరం నువ్వు సగం మింగేశావని అప్ప నీ చేతే రాయించింది. ఈసారి అలా చెయ్యకు.

ఇక్కడ చలి మొదలైంది. మన దగ్గర గాలిలో ఉప్పు ఉంటుంది, ఇక్కడ గాలి నిండా నార దుమ్మే. సముద్రం చప్పుడు వినబడక రాత్రిళ్ళు చెవులు ఖాళీగా ఉన్నట్టుంటుంది. బెంగ పెట్టుకోవద్దు, అలవాటవుతుంది. గోగునార కంపెనీలో పని బాగానే ఉంది. కట్టలకి కుట్లు వేస్తాను, గుర్తులు అచ్చు కొడతాను, సీళ్ళు వేస్తాను. ఆ కట్టలకి చుట్టే గోనెల మీది అచ్చు చూసి నేర్చుకున్న అక్షరాలే ఇవి. తప్పులుంటే బావ సర్దుకుని చదవాలి.

అప్పా, ఆఫీసులో మధ్యాహ్నం పూట ఏం తింటున్నావని అడిగావు. జవాబు రాద్దామని కూర్చుంటే ఒళ్ళు మండిపోతోంది. మొదట్నుంచీ చెబుతాను. తప్పు నాదో వాళ్ళదో నువ్వే చెప్పు, నాకు తెలియడం లేదు.

నార వచ్చే రోజుల్లో మధ్యాహ్నం ఇంటికి వెళ్ళడమంటూ ఎవరికీ కుదరదు. బళ్ళు వీధి చివరిదాకా ఆగి ఉంటాయి. ఆఫీసు వసారాలో ఒక కిరసనాయిలు స్టవ్వు ఉంది, సీళ్ళకి లక్క కరిగించేది. గోదాంలో అగ్గిపుల్ల గీస్తే పనిలోంచి తీసేస్తారు, అందుకని దాన్ని వసారాలో పెట్టారు. పొద్దున్న సీళ్ళు అయిపోతే ఇక దానికి పని లేదు. దాని మీదే నా తిండి. ఒకరోజు చోడిపిండి అంబలి కాచుకుని మజ్జిగ పోసుకుంటాను. ఒకరోజు స్టవ్వు కూడా ముట్టించను, అటుకులు తడిపి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలుపుకుంటాను. నువ్వు పంపిన ఎండురొయ్యలు మూత మీద వేయించుకునేది మాత్రం ఆదివారాలే, గుమస్తాలు ఉండరు కాబట్టి.

ఒకరోజు నూకతో ఉప్పిండి చేశాను. పోపు వేసి, పెసరపప్పు వేసి, నీళ్ళు మరిగాక నూక పోసి మూత పెట్టడమే, బండి నార దింపేలోపు అయిపోతుంది. ఆ వాసనకి సూర్యం వచ్చాడు. సూర్యం అంటే మా పెద్ద గుమస్తా గారి కొడుకు, నా ఈడువాడు, అక్కడే లెక్కలు రాస్తాడు. నేను తప్పు రాస్తే నవ్వకుండా దిద్దుతాడు. ఆకులో పెట్టించుకుని తిన్నాడు. వెనకాలే వాళ్ళ నాన్న, మిగతా గుమస్తాలు వచ్చారు. బ్రాహ్మలు కదా, నా చేతి వంట తింటారా అని భయపడ్డాను. తిన్నారు. అడ్డాకులు పరుచుకుని వరసగా కూర్చుని తిన్నారు. నూక వాళ్ళే తెచ్చి ఇచ్చేవారు, వండడం నాది. అది రోజూ మామూలైపోయింది.

పెద్ద గుమస్తా గారు నన్ను మెచ్చుకున్నారు. సీజను అయ్యాక కాటా దగ్గర కూర్చోబెడతానన్నారు. అప్పా, కాటా అంటే కూర్చుని తూకం రాసే పని. నార అయిపోగానే మాలాంటి వాళ్ళందరినీ పంపించేస్తారు, కాటా వాడు మాత్రం ఏడాది పొడుగునా ఉంటాడు. నాకు అంతకంటే కావలసినది ఏముంది?

నాకొక సిగ్గు మాత్రం ఉండేది. మన ఇంట్లో నూక ఎప్పుడు వండుతాం? బియ్యం లేనప్పుడు. చుట్టం వస్తే పక్కింట్లో అడిగి అయినా మంచి బియ్యమే వండుతుంది అమ్మ. అలాంటిది ఇంత పెద్దవాళ్ళకి రోజూ నూక వండి పెడుతున్నానే అని మనసులో పీకేది. అందుకని మొన్న గురువారం నా సొంత డబ్బులతో సన్నబియ్యం తెచ్చి, చింతపండు పులుసు కాచి పులిహోర కలిపాను. వాళ్ళకి మర్యాద చేస్తున్నాననుకున్నాను.

వడ్డించాను. పెద్ద గుమస్తా గారు ఆకులోకి చూసి, "ఇది అన్నం కదుటోయ్" అన్నారు.

"అవునండి, సన్నబియ్యం" అన్నాను నేను, గొప్పగా.

ఆయన తిట్టలేదు. మెల్లిగా ఆకు మడిచి లేచారు. ఒకరి తరవాత ఒకరు అందరూ లేచారు, సూర్యం కూడా. ఎందుకండీ అని పెద్ద గుమస్తా గారిని అడిగాను. ఉప్పిండి ఫలహారంట, ఒంటిపూట భోజనం ఉండే రోజుల్లో కూడా తినొచ్చుట. అన్నం అయితే ఎవరి చేతిది పడితే వాళ్ళది తినకూడదుట. నూకా బియ్యమే కదండీ, నీళ్ళూ నేను తోడినవే కదండీ అన్నాను. నీకు చెప్పినా తెలియదులే అన్నారు. అదీ ప్రేమగానే అన్నారు. తిడితే నేనూ తిట్టేవాణ్ణి. ప్రేమగా అంటే ఏం చెయ్యాలి?

పులిహోరంతా కలాసీలు తినేశారు. మూటలు మోసే సింహాచలం మావ వేళ్ళు నాక్కుంటూ, "ఏటిరా ఎర్రయ్యా, ఆళ్ళు లేసిపోతే నీకేటి, మాకు పండగొచ్చింది" అన్నాడు. మరి నూక ఎలా తిన్నారు మావా అంటే, "బియ్యం ఇరిగినప్పుడు మన కులం రాలిపోతాదేటో. నానేటి సెప్పగలను" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం గోదాంలో కట్టలు లెక్కపెడుతుంటే సూర్యం వచ్చాడు. మిగిలిందా అని అడిగాడు. నా వాటా తినబుద్ధి కాక అలాగే ఉంచాను, ఇచ్చాను. కట్టల చాటున నిలబడి గబగబా తినేశాడు. "బాగుందోయ్. మా నాన్నతో అనకేం" అన్నాడు. సరే అన్నాను. వాడు వెళ్ళాక కోపం వచ్చింది. తినకుండా లేచిపోయిన వాళ్ళ మీద వచ్చినదానికంటే ఎక్కువ వచ్చింది. తిన్నవాడి మీద ఎందుకు వచ్చిందో, అప్పా, నీకు తెలిస్తే చెప్పు. వాడు మంచివాడే.

నిన్న పెద్ద గుమస్తా గారు పిలిచారు. సోమవారం నుంచి మామూలుగా ఉప్పిండి చెయ్యమన్నారు. కాటా మాట మరిచిపోలేదన్నారు. నేను కాటాకి వెళ్తే ఉప్పిండి ఎవరు చేస్తారండీ అంటే, నువ్వే చేద్దువుగానిలే అన్నారు. అంటే చేస్తేనే కాటా.

బావా, నువ్వేమంటావో నాకు తెలుసు. నూక ఉడకేస్తే నీదేటి పోనాదిరా అంటావు. పొద్దుట్నుంచీ నాకు నేను అదే చెప్పుకుంటున్నాను, లోపలికి దిగడం లేదు. ఈ ఉత్తరం మీకు అందేసరికి సోమవారం దాటిపోతుంది కాబట్టి చేయబోయేది రాసేస్తున్నాను. రేపు ఉప్పిండి చెయ్యను. నాకు అన్నం వండుకుంటాను, ఆ వసారాలోనే, అందరూ చూస్తుండగా. నా పక్కన ఇంకో ఆకు వేస్తాను. సూర్యానికి తినాలని ఉంటే అక్కడ కూర్చుని, వాళ్ళ నాన్న ఎదురుగా తినాలి. గోదాంలో ఇక పెట్టను. కాటా పోతే పోనీ, స్టవ్వు ముట్టుకోవద్దంటే అటుకులు తింటాను. పనే పోతే పడవలో నాకింత చోటు ఉంచు. ఇది రోషమో తెలివితక్కువో నాకు తేలలేదు. చేశాక తెలుస్తుందేమో.

అప్పా, కోపంతో రాశానని కంగారు పడకు. కడుపునిండా తింటున్నాను. ఎవరైనా ఇటు వస్తే ఎండురొయ్యలు, పాత దుప్పటి పంపించు. పెద్దనాన్నకి, పెద్దమ్మకి నా దండాలు. పాపకి ముద్దులు. నన్ను దీవించండి. రేపు ఆ రెండో ఆకు ఖాళీగా ఉండకూడదని అమ్మని ఒకసారి దండం పెట్టమను. ఇది చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా పెట్టమను.

మీ తమ్ముడు
ఎర్రయ్య