పసుపు బూజు, పచ్చని మొక్క

మార్చి 3, సోమవారం
ల్యాబ్‌లో అక్క బల్ల నాకిచ్చారు. ఆమె పోయి మూడు నెలలైంది, ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచుతాం అన్నారు మేడమ్. పని కూడా అక్కదే. అడవిలో పదకొండే మిగిలిన సూదాకుల చెట్టునీ, దాని మొదట్లో పాకే స్లైమ్ మోల్డ్ అనే జిగురు బూజునీ పోల్చి రిపోర్ట్ రాయాలి. ఇక్కడ ఆ జాతి మొక్క ఒక్కటే ఉంది, అక్క మొలిపించింది. నాలుగేళ్ళకి జానెడు ఎదిగింది మహాతల్లి.

మార్చి 5
సొరుగులో బూజు ఎండి అంటుకుపోయిన ఫిల్టర్ పేపర్ ఒకటి దొరికింది. మూలన అక్క చేతిరాత: చావలేదు, నీళ్ళు చల్లు. గిన్నెలో పెట్టి చల్లాను.

మార్చి 6, ఉదయం 9
లేచింది! పసుపురంగు బూజు, సన్నటి నరాల్లా గిన్నె అంచుదాకా పాకింది. ఓట్స్ పలుకు పెడితే అటే తిరిగింది. మెదడు లేదు, కళ్ళు లేవు. దీన్ని ఆఖరున తాకింది అక్కే.

మార్చి 11
గిన్నె దాటి మొక్క కుండీలోకి ఎక్కింది. గీకేయాలి. స్పాచులా పట్టుకుని అరగంట నిలబడ్డాను. నా వల్ల కాలేదు. ఎండితే కదలడం ఆగిపోతుందని కుండీ నిండా నీళ్ళు చల్లాను.

మార్చి 12
చల్లాను.

మార్చి 19, మధ్యాహ్నం
ల్యాబ్ నర్సరీ చూసుకునే తాత మట్టి నొక్కి చూసి కేకలేశాడు. రాళ్ళమీద బతికే జాతమ్మా ఇది, కాళ్ళు తడిస్తే గిట్టదు, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అన్నాడు. ఆ పసుపుదాన్ని ఎండబెట్టు, చావదు, పడుకుంటుంది, ఎప్పుడు లేపినా లేస్తుంది, మొక్క అట్లా కాదు కదా అన్నాడు.

నాకు తెలియదా? సరే అన్నాను. ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ చల్లాను. నా బుద్ధి గడ్డి తింది. ఇంట్లో ఎవరూ అక్క పేరెత్తరు. ఇక్కడ మాత్రం ఆమెది ఏదో ఒకటి కదులుతోంది.

ఏప్రిల్ 2
తాత మొక్కని పైకి తీశాడు. వేళ్ళు నల్లగా, మెత్తగా, కుళ్ళు వాసన. ఎప్పుడో పోయిందమ్మా అన్నాడు. సూదాకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఈ జాతి అంతేనట, చచ్చాక కూడా నెలల తరబడి రంగు పోదట. మళ్ళీ కుండీలో నిలబెట్టి, మేడమ్‌కి నువ్వే చెప్పుకో తల్లీ అని వెళ్ళిపోయాడు.

అక్క మొక్కని నేను చంపాను.

ఏప్రిల్ 9
నీళ్ళు ఆపేశాను. బూజు ఎండి పొలుసైంది. మేడమ్ గది తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

ఏప్రిల్ 21
మేడమ్ ల్యాబ్‌కి వచ్చారు. ఎంత పచ్చగా ఉందో, మీ అక్కకన్నా నువ్వే బాగా చూసుకుంటున్నావు అన్నారు. అవునన్నాను.