నాన్నగారి ఇన్సులిన్ పెన్ను

2007 ఆగస్టు, బుధవారం రాత్రి

ఇన్సులిన్ పెన్నులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంకా నమ్మకం కుదరడం లేదు.

ఏలూరులో ఇంటర్వ్యూ చేసిన మేడంగారు ఒక ఇన్సులిన్ పెన్నును బల్ల మీద పెట్టి, "మందూ బాగుంది, పెన్నూ బాగుంది. రెండూ కలిశాక ఎక్కడ చెడుతుందమ్మా?" అని అడిగారు. చదివిందంతా మర్చిపోయాను. పోయినేడు ఇంట్లో ఫ్రిజ్ లేక నాన్నగారు తన పెన్నును చేపల ఐసుపెట్టెలో పెట్టిన సంగతి చెప్పేశాను. పెన్ను మామూలుగానే పనిచేసింది. లోపల మందు మాత్రం ఓసారి గడ్డకట్టి కరగడంతో పాడైంది. నెల్లాళ్లు షుగరు తగ్గలేదు.

"మా కొల్లేరు ఇళ్లలో చల్లగా ఉండేది ఐసొక్కటేనండీ" అన్నాను. మా ఇంటి సంగతిని ఆవిడ కాగితం మీద రాసుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే నాన్నగారు అంతా విని, "ఆవిడగారికి ఇంకో మాట చెప్పమ్మా. పెన్ను తిప్పితే వచ్చే టిక్కు శబ్దం తియ్యొద్దను. మందు కొలత అంకెలు నా కంటికి ఆనక రెండేళ్లయింది. టిక్కులే లెక్కపెట్టుకుంటున్నాను" అన్నారు.

రోజూ పొద్దున్నే సూది వేసుకునేటప్పుడు మా చేపల చెరువు గట్టు మీది ఆయిలింజను కాసేపు ఆపించేది అందుకా. బి.ఫార్మసీ చదివినదాన్ని, చాదస్తమని విసుక్కునేదాన్ని.

మా ఇంజను సరే. పక్క చెరువు ఇంజను మోగిన రోజుల్లో ఏం చేశారో అడగడానికి నోరు రాలేదు.