రాతి తొట్టిలో పొట్టి ఈత

ఆళ్లగడ్డ,
బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రవళికకు మీ నాయన దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమమని ముందుగా రాయాలి కాబట్టి రాస్తున్నాను. నాకు జ్వరమేమీ లేదు, మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. ఆ మాత్రం క్షేమమే. కానీ నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది. నిన్న పనిలో చెయ్యి తప్పి నంది విగ్రహానికి చెవి కొస ఎగరగొట్టాను. ఫోన్ చేద్దామంటే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, చెప్పాల్సింది అలాగే ఉండిపోతుంది. నువ్వూ అందుకే ఉత్తరం రాసినట్టున్నావు.

ముందు పొట్టి ఈత చెట్టు గురించి నువ్వడిగిన వాటికి జవాబు. మీ అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే రాస్తున్నాను. దానికి మిట్టమధ్యాహ్నం ఎండా పనికిరాదు, చీకటి గదీ పనికిరాదు. పొద్దుటి ఎండ తగిలే వరండా సరైన చోటు. నువ్వు అక్కడే పెట్టావు. వారానికోసారి తొట్టిని కొంచెం తిప్పకపోతే మట్టలన్నీ వెలుగు వైపే సాగుతాయి. ప్రతి ఆదివారం నువ్వూ అల్లుడూ కలిసి తిప్పుతున్నామని రాశావు, అదీ సరే. గోడకు ఆనితే మట్ట విరుగుతుందే గాని వంగదు. కింద ఎండినవాటినే కొయ్యాలి, నడిమి లేతాకుల మొవ్వు జోలికి పోకూడదు. పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పొయ్యాలి. మట్టకు ఆ అందమైన వంపు తాడు కట్టి వంచితే రాదట. చుట్టూ జాగా ఇచ్చి, వేర్లను సుఖంగా ఉంచితే తన బరువుకు తానే వంగుతుందట. ఇవన్నీ నువ్వు చేశావు. ఒక్కటి కూడా తప్పలేదు.

మరి మట్టలు ఎందుకు పండిపోయాయి, వంపు పోయి ఎందుకు వాలిపోయాయి అని అడిగావు. దానికి వస్తాను. ముందు మీ అత్త సంగతి.

వాలిన మట్టలు చూసి రామేశ్వరమ్మ గారు, “ఈ పిల్ల చేతిలో ఏదీ నిలవదు, కడుపైనా అంతే, చెట్టయినా అంతే” అన్నదని రాశావు. మూడో నెలలో పోయిన బిడ్డను తెచ్చి ఈత మట్టతో కలపడానికి ఆమెకు నోరెలా వచ్చింది? ఆమె ఆడది కాదా? అది నీ వల్ల జరిగింది కాదని నంద్యాల డాక్టరమ్మ ఆమె ముందరే చెప్పలేదా? అల్లుడు జీవన్ కుమార్ అక్కడే కూర్చుని విన్నాడంటున్నావు. తొట్టి తిప్పడానికి అతని చేతులు బాగానే ఉన్నాయి, తల్లికి ఒక్క మాట చెప్పడానికి నోరు పడిపోయిందా? వాళ్లిద్దరికంటే నీ మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. “అత్తమ్మ అన్నది నిజమేనేమో నాయనా” అని రాశావే, ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? కాగితం నలిపి పారేశాను. మళ్లీ నేనే ఏరుకుని సాపు చేసుకున్నాను.

ఇంతవరకూ రాశాక మీ అమ్మ నీ ఉత్తరంలో చివరి మాట మళ్లీ చదివించుకుంది. తొట్టి దగ్గర ఏదో వాసన వస్తోందని రాశావు చూడు, అది.

“ఏందీ, వాసనా? అది వేర్లు కుళ్లిన వాసన. తొట్టికి చిల్లి పెట్టినావు కదా?”

“పెట్టకుండా ఉంటానా?”

“నా మొగం చూసి చెప్పు. ఆ పిల్ల పోసే నీళ్లు యాడికి పోతాండాయి?”

నేను ఆమె మొహం చూడలేకపోయాను.

తల్లీ, ఆ తొట్టికి చిల్లి లేదు.

ఆరేళ్లు ఆ చెట్టు మన వాకిట్లో పాత పెయింటు డబ్బాలో పెరిగింది. మీ అమ్మ దాని అడుగున మేకుతో నాలుగు చిల్లులు కొట్టింది. మట్టలు ఎంత అందంగా వంగి ఉండేవో నువ్వే చూశావు. నువ్వు నంద్యాలకు కాపురానికి పోయినప్పుడు డబ్బాతోనే పంపుదామని ఆమె అంది. “వియ్యంకుల కంట్లో పడేది, పెయింటు డబ్బా ఏందీ? ఆళ్లగడ్డలో రాయి కరువైందా?” అని నేనే ఎగిరాను. నల్లరాతిలో చుట్టూ హంసల వరస చెక్కాను. అంతా అయ్యాక చిల్లి వేస్తుంటే అడుగు రెండుగా పగిలింది. రెండోది చెక్కాను. దానికి చిల్లి వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. మీ అమ్మ కోయిలకుంట్లకు పోయిన రోజు చూసి, అడుగున కంకర పోసి, చెట్టు దింపేశాను. నంద్యాలలో మీ అత్త వైపు వాళ్లు తొట్టి చుట్టూ తిరిగి, ఏం పనితనం అంటుంటే మీసం దువ్వుకుంటూ నిలబడ్డాను. చెట్టును ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఇదంతా మీ అమ్మకు చెప్పాను. “ఆ పిల్ల ఆడ తనను తాను తిట్టుకుంటాంటే, నువ్వు ఈడ మీసం దువ్వుకుంటాండావ్” అని లేచి లోపలికి పోయింది. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. అన్నం మాత్రం పెడుతోంది.

ఈ ఉత్తరం దాచుకోవద్దు. మీ అత్తను, అల్లుణ్ణి కూర్చోబెట్టి పైకి చదువు. ఆమెను నేనన్న మాటలు కూడా వదలకుండా చదువు. నలభై ఊళ్లకు విగ్రహాలు పంపిన రంగయ్య తొట్టికి చిల్లి పెట్టడం తెలియక కాదు, పరువు కోసం మానేశాడని వాళ్లకు తెలియాలి. నీళ్లు ఇక పొయ్యొద్దు. మొవ్వును రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడు. ఊడిరాకుండా గట్టిగా ఉంటే చెట్టు బతుకుతుందని మీ అమ్మ లోపలికి పోకముందే చెప్పింది.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. సమ్మెట తెస్తాను. పాత పెయింటు డబ్బా కూడా తెస్తాను, మీ అమ్మ దాన్ని పారెయ్యలేదు. వేర్లు తెగకుండా చెట్టు తియ్యాలంటే తొట్టి పగలాల్సిందే. మీ అత్త చూస్తుండగా హంసలతో సహా నేనే పగలగొడతాను. మొవ్వు ఊడిపోయి ఉన్నా సరే, పగలగొడతాను. ఆ అడుగు ఆమె కళ్లతో ఆమె చూడాలి. చెట్టును డబ్బాలోకి దింపి మట్టి అదిమేది మాత్రం నువ్వే. నేను ముట్టుకోను.

ఇట్లు,
తొట్టికి చిల్లి పెట్టలేదని ఒప్పుకుంటూ,
మీ నాయన
రంగయ్య