కల్యాణి అని పిలవడానికి

ఫిల్మ్‌నగర్

అమ్మా స్ఫూర్తీ,

నిన్న బోరబండలో మీ అమ్మగారింట్లో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

పాపకు మీ అత్తయ్య పేరు పెడదామంటే నువ్వు, "అత్తమ్మ పేరు పెట్టి నేనెట్ల పిలుస్త మామయ్యా? కోపమొస్తే ఎట్ల తిడ్త?" అన్నావు. మీ తమ్ముడేమో, "ఈడ కల్యాణి అంటే పెద్దకూర బిర్యానీ అక్కా, బడిల పోరలు ఆగం జేస్తరు" అని నవ్వాడు.

నిజమే, ఆ పేరు ఒక్కరిది కాదు. పాడేవాళ్లకు అదొక రాగం. కృష్ణానగర్‌లో డాన్సర్ కల్యాణి, టైలర్ కల్యాణి ఉండబట్టి, సినిమాల్లో హీరోయిన్లకు గొంతిచ్చే మీ అత్తయ్యను డబ్బింగ్ కల్యాణి అనేవారు.

నేను మాత్రం ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మా ఇళ్లలో మగవాళ్లు భార్యను అలా పిలవరు. "ఏమోయ్" అంటే పలికేది. "ఒక్కసారి పేరు పెట్టి పిలవండి, అరిగిపోదులెండి" అని ఎత్తిపొడిచేది. నేను నవ్వేసేవాణ్ణి. ఇప్పుడు పిలవాలని ఉంది, పలికే మనిషి లేదు.

శుక్రవారం బారసాలలో ఆ పేరే పెట్టండమ్మా. మీరంతా చిన్నీ అనుకోండి, తిట్టుకోండి. కల్యాణీ అని పిలవడం నాకు వదిలేయండి.

ఆశీస్సులతో,
మామయ్య